తూనికరాయి దాచని విమర్శ

తారతమ్యం చెప్పడం తెలుగువాళ్లకు కొత్త విద్య కాదు. మనుచరిత్ర ముందా, వసుచరిత్ర ముందా అని మా గురువుల కాలంలో అరుగుల మీద జరిగిన వాదాలు ఆ రెండు కావ్యాలనూ ఎందరి చేతనో మళ్లీ మళ్లీ చదివించాయి. పంచకావ్యాలని మనమొక పట్టీ కట్టుకున్నాం. అందులో ఏవేవి ఉండాలన్న దాని మీద ఇప్పటికీ అందరిదీ ఒకే మాట కాదు. 1914లో కట్టమంచి రామలింగారెడ్డి గారు ‘కవిత్వతత్వ విచారము’ రాసి పింగళి సూరనను పైమెట్టు ఎక్కించినప్పుడు సంప్రదాయ పండితులకు మింగుడు పడలేదు. అయితే రెడ్డి గారిని ఖండించాలన్నా సూరన కళాపూర్ణోదయం తెరవక తప్పలేదు. తారతమ్య విమర్శ చేయగల పెద్ద మేలు అదేనని నేను నమ్ముతాను.

నా శిష్యురాలు రాసిన ఈ పుస్తకం అటువంటి మేలు చేసే పుస్తకం. ఈమె ఎంచుకున్నది కావ్యాలను కాదు, ‘బ్లాక్ మిర్రర్’ అనే బ్రిటిష్ టెలివిజన్ సిరీస్‌ను. అందులోని కథలన్నింటినీ ఒకటి నుంచి ముప్పైమూడు దాకా వరుసలో పెట్టి, ప్రతి స్థానానికీ కారణం చెప్పింది. ముందుమాట రాయమని అడిగినప్పుడు, ముందు ఆ కథలన్నీ చూసి ఆ తర్వాతే రాస్తానన్నాను. చూశాను. అన్నీ చూశాక రాతప్రతిని రెండోసారి చదివితే అది నాకు మొదటిసారి కంటే పెద్ద పుస్తకంగా కనిపించింది.

ఈ సిరీస్ గురించి తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. ఇది 2011 డిసెంబరు 4న బ్రిటన్‌లోని ఛానల్ 4లో మొదలైంది. సృష్టికర్త చార్లీ బ్రూకర్, ఆయనతో కలిసి దీన్ని పెంచి పెద్ద చేసిన నిర్మాత అనబెల్ జోన్స్. ఏ కథకు ఆ కథే. నటులు వేరు, లోకం వేరు, నియమాలు వేరు. అమెరికాలో 1959 నుంచి 1964 దాకా సీబీఎస్‌లో రాడ్ సెర్లింగ్ నడిపిన ‘ది ట్విలైట్ జోన్’ది ఇదే పద్ధతి. అందులో 156 కథలు వచ్చాయి. దాని ప్రభావం తన మీద ఎంత ఉందో బ్రూకర్ ఎన్నడూ దాచలేదు. ఛానల్ 4 వారి దగ్గర ఏడు కథలు అయ్యాక, 2015లో నెట్‌ఫ్లిక్స్ మరో పన్నెండు కథలకు ఒప్పందం చేసుకుంది. ఆ పైన కూడా సాగి, 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఏడో సీజన్‌తో మొత్తం ముప్పైమూడు అయ్యాయి. 2018 డిసెంబరులో వచ్చిన ‘బాండర్‌స్నాచ్’ ఈ లెక్కలో లేదు. అందులో కథ ఎటు తిరగాలో చూసేవాడే నిర్ణయిస్తాడు. ఇద్దరు చూసింది ఒకే కథ కానప్పుడు దానికి స్థానం ఇవ్వడం న్యాయం కాదని రచయిత్రి దాన్ని వరుసలోంచి తప్పించి విడిగా ఒక అధ్యాయం రాసింది. ఆ ఒక్క నిర్ణయంతోనే ఈమె మీద నాకు నమ్మకం కుదిరింది.

ఇలాంటి పట్టీలు వేసేవాళ్లు మామూలుగా రెండు కొలతలు వాడతారు. ఒకటి, చూసినప్పుడు గుండె ఎంత ఝల్లుమంది అని. రెండు, కథలో చెప్పింది తర్వాత ఎంతవరకు నిజమైంది అని. మొదటిది రెండోసారి చూసేసరికి చాలావరకు కరిగిపోతుంది. రెండోది ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే అది కథకుణ్ణి జ్యోతిష్కుడి పీట మీద కూర్చోబెడుతుంది. ‘ది వాల్డో మూమెంట్’ అని 2013లో వచ్చిన కథ ఉంది. టీవీలో అందర్నీ వెక్కిరించే ఒక నీలిరంగు కార్టూన్ ఎలుగుబంటి ఉపఎన్నికలో నిలబడుతుంది. వచ్చిన కొత్తలో దాన్ని బలహీనమైన కథ అన్నారు. 2016 తర్వాత ప్రపంచ రాజకీయాలు తిరిగిన తీరు చూసి, అదే కథను ముందుచూపుకు నిదర్శనమన్నారు. మధ్యలో కథలో ఒక్క అక్షరమైనా మారలేదు కదా, మరి విలువ ఎలా మారింది అని రచయిత్రి అడుగుతుంది. ఆ బొమ్మ వెనక ఉన్న హాస్యనటుడి మనసు కథలో సగమే తెరుచుకుందనీ, ఎన్నికల ఫలితాలు ఆ లోటును పూడ్చలేవనీ చెప్పి దాన్ని కింది వరుసలోనే ఉంచింది. ఆ ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. మన విమర్శలో కూడా, ఫలానా కవి ఫలానా సంగతి ముందే చెప్పాడని పొంగిపోయి, పద్యం ఎలా ఉందో చూడడం మరిచిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి.

మరి ఈమె కొలత ఏమిటి? యంత్రాన్ని కాసేపు పక్కన పెట్టి చూడమంటుంది. కథలో జరిగిన కీడులో మనిషి తన ఇష్టంతో, తన చేత్తో చేసింది ఎంత? ఆ చేయి అటు కదలడానికి కారణం ప్రేమా, భయమా, లోభమా, ఒంటరితనమా? ఆ కారణం మనకు ఎంత దగ్గరగా తగిలితే కథ అంత పైకి వెళుతుంది. యంత్రమే విలనై మనుషులను తరిమితే కథ కిందికి దిగుతుంది. ఈ సంగతి ఈమె మొదటి అధ్యాయంలోనే చెప్పేసి, చివరిదాకా దాటలేదు. సంతలో నిజాయితీగల వ్యాపారి తన తూనికరాయిని కొనేవాళ్ల కళ్ల ముందే పెట్టినట్టు పెట్టింది. తూకం నచ్చనివాళ్లు ఆ రాయిని పట్టుకుని వాదించవచ్చు.

ఈ కొలత ప్రకారం మొదటి స్థానం దక్కింది ‘ది ఎంటైర్ హిస్టరీ ఆఫ్ యూ’కి. 2011లోనే వచ్చిన మూడో కథ ఇది. రాసింది బ్రూకర్ కాదు, జెస్సీ ఆర్మ్‌స్ట్రాంగ్, తర్వాత ‘సక్సెషన్’ సృష్టించిన రచయిత. చెవి వెనక గింజంత పరికరం ఉంటుంది. కన్ను చూసిందంతా, చెవి విన్నదంతా అందులో నిలువ ఉంటుంది. కావలసినప్పుడు కంటి ముందో, గోడ మీది తెర మీదో మళ్లీ నడిపించుకోవచ్చు. లియమ్ అనే లాయరు ఒక విందులో, తన భార్య ఒక పాత స్నేహితుడి మాటకు నవ్విన నవ్వు గమనిస్తాడు. ఇంటికి వచ్చి ఆ నవ్వును మళ్లీ చూస్తాడు. తాగుతాడు, మళ్లీ చూస్తాడు, భార్యకు చూపించి ప్రశ్నిస్తాడు. ఈ కథలో పరికరం ఒక్క అబద్ధమూ చెప్పదు. లియమ్ అనుమానం కూడా వట్టిది కాదు. నిజం నూటికి నూరుపాళ్లూ బయటికి వస్తుంది, ఇల్లు నూటికి నూరుపాళ్లూ కూలిపోతుంది.

ఈ కథ మీద రచయిత్రి రాసిన పేజీలు పుస్తకానికే తలమానికం. లియమ్ ఓడిపోయింది భార్య దగ్గర కాదనీ, కథ మొదట్లోనే ఉద్యోగ సమీక్షలో అతను ఓడిపోయాడనీ, కారులో కూర్చుని ఆ సమీక్షను మళ్లీ నడిపించుకుని పైఅధికారుల ముఖాల్లో మాటల్లో లేని అర్థాలు వెతికినప్పుడే అతనిలోని రోగం మనకు కనిపించాలనీ ఈమె చూపించింది. నేను ఆ సన్నివేశాన్ని కథకు ఉపోద్ఘాతం అనుకుని దాటేశాను. ఈమె చెప్పాక మళ్లీ చూస్తే కథంతా అందులోనే విత్తనంగా ఉంది. మరుపు మనిషికి ఎంత పెద్ద వరమో చెప్పే పురాణకథలు మనకు ఉన్నాయి. జ్ఞాపకం శాపంగా మారే క్రమాన్ని ఒక మామూలు మధ్యతరగతి పడకగదిలో ఇంత నిర్దాక్షిణ్యంగా చూపించిన కథ నాకు వేరే తెలియదు. మొదటి స్థానం సరైనదే.

రెండో స్థానం ‘బీ రైట్ బ్యాక్’ది. 2013 కథ, దర్శకుడు ఓవెన్ హారిస్. మార్తా అనే యువతి ప్రియుడు ప్రమాదంలో పోతాడు. అతను బతికున్నప్పుడు రాసిన సందేశాలనూ మాటలనూ పోగుచేసి, అతనిలాగే జవాబిచ్చే ఒక సేవ ఆమెకు దొరుకుతుంది. మొదట అక్షరాలు, తర్వాత గొంతు, చివరికి శరీరం. హేలీ ఆట్‌వెల్, డోనాల్ గ్లీసన్ నటించారు. తోడును పోగొట్టుకున్న ఆడమనిషి ఫోనులో అతని గొంతు వినగానే ఆట్‌వెల్ ముఖంలో వచ్చే వెలుగు చూసినవాళ్లెవరూ ఆమెను తప్పుపట్టలేరు. ఇక్కడ రచయిత్రి మన ఇంటి సంగతి ఒకటి తెచ్చింది, అది తెచ్చిపెట్టుకున్నట్టు లేదు. 2020 సెప్టెంబరులో మనల్ని వదిలి వెళ్లిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి గొంతును 2023లో వచ్చిన ఒక తెలుగు సినిమాలో కృత్రిమ మేధతో పుట్టించి వాడారు. తమ అనుమతి లేకుండా ఇది జరిగిందని కుటుంబం లాయరు నోటీసు పంపింది. బాలు గారి పాట వింటూ పెరిగినవాళ్లం మనమంతా. ఆ గొంతు మళ్లీ కొత్త మాట పలికితే వినాలని ఉండదా అంటే ఉంటుంది. ఆ కోరిక తప్పు కాదు. కానీ ఆ గొంతు వెనక ఊపిరి లేదు, ఆ మాటను ఎంచుకున్న మనసు లేదు. కథలోని మార్తా కూడా కొండ అంచున నిలబడి సరిగ్గా ఈ సంగతే కనుక్కుంటుంది. రచయిత్రి ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి, తీర్పు చెప్పకుండా ఆగిపోయింది. ఆ సంయమనం ఈ వయసులో రావడం అరుదు.

మూడోది ‘కామన్ పీపుల్’, 2025లో వచ్చింది. అప్పుడే వచ్చిన కథను ఇంత పైన పెట్టడం సాహసం. వెల్డింగ్ పనివాడు మైక్, బడిపంతులమ్మ అమాండా. ఆమె మెదడులో కణితి. ఆపరేషన్ ఉచితం, ఆమె బతుకుతుంది. అయితే మెదడులో పోయిన భాగం ఇక ఒక కంపెనీ సర్వర్ నుంచి నడుస్తుంది, దానికి నెలకు 300 డాలర్ల చందా. కొన్నాళ్లకు ఆ చందాకు వచ్చే సౌకర్యాలు తగ్గుతాయి, పై తరగతి చందా వస్తుంది. కట్టలేకపోతే ఆమె నోటివెంట ఆమెకే తెలియకుండా వ్యాపార ప్రకటనలు వస్తాయి, తరగతి గదిలో పిల్లల ముందు కూడా. ఇంట్లో జబ్బుమనిషి కోసం పొలమో బంగారమో కుదువ పెట్టిన కుటుంబాలు మన రెండు రాష్ట్రాల్లో ఏ ఊరికి వెళ్లినా కనిపిస్తాయి. వాళ్లకు ఈ కథలో భవిష్యత్తు ఏమీ కనిపించదు, గడిచిన సంవత్సరం కనిపిస్తుంది. మైక్ డబ్బు కోసం ఇంటర్నెట్‌లో అపరిచితుల ముందు తనను తాను ఎలా అవమానించుకుంటాడో చూస్తుంటే నాకు కళ్లు తిరిగాయి. ప్రతి అడుగూ ప్రేమతోనే వేశాడు, ప్రతి అడుగూ కిందికే పడింది. ఈమె కొలతకు ఇంతకన్నా తగిన కథ ఉండదు. ముగింపు నేను చెప్పను. రచయిత్రి కూడా ముగింపులు చెప్పవలసిన చోటల్లా పేజీ పైనే హెచ్చరించింది.

‘ఫిఫ్టీన్ మిలియన్ మెరిట్స్’ గురించి కూడా ఒక మాట చెప్పకుండా ఉండలేను. బ్రూకర్, ఆయన భార్య కొన్నీ హక్ కలిసి రాశారు. నాలుగు గోడలూ తెరలే అయిన గదుల్లో బతుకుతూ, పొద్దస్తమానం సైకిళ్లు తొక్కి అంకెలు సంపాదించే కుర్రకారు. ప్రకటన చూడకుండా దాటేస్తే జరిమానా. ఆ లోకం మీద తిరగబడి, గాజుముక్క గొంతుకు ఆనించుకుని బింగ్ అనే కుర్రవాడు గుండెలు పగిలేలా మాట్లాడితే, న్యాయనిర్ణేతలు చప్పట్లు కొట్టి ఆ కోపానికే ఒక కార్యక్రమం ఇస్తారు. డానియల్ కలూయా ఈ పాత్రలో కనబరిచిన నటనే తర్వాత ఆయనకు ‘గెట్ అవుట్’ సినిమా తెచ్చిపెట్టింది. తిరుగుబాటు కవిత్వం చదువుతూ పెరిగిన నా తరం వాళ్లు ఈ కథను తప్పక చూడాలి. తిరుగుబాటుకు సన్మానం చేసి కూర్చోబెట్టడం ఎంత సులభమో మా కళ్లతో మేమూ చూశాం.

‘నోస్‌డైవ్’ అధ్యాయం పొట్టిది. అంతే ఉండాలి, ఎందుకంటే ఆ కథ అర్థం కావడానికి వివరణ అక్కర్లేదు. హైదరాబాదులో మన గుమ్మం దాకా అన్నం తెచ్చి, అయిదు నక్షత్రాలు ఇవ్వమని నిలబడి ప్రాధేయపడే కుర్రవాణ్ణి చూసినవాళ్లకు, ఆ కథలో నక్షత్రాల కోసం ఆరాటపడే లేసీ ఎవరో తెలుసు.

ఇక నా అభిప్రాయభేదాలు. వాటిని దాచి పొగడడం ఈ పుస్తకానికి గౌరవం కాదు. ‘వైట్ బేర్’ను రచయిత్రి పదకొండో స్థానంలో పెట్టింది. నా దృష్టిలో అది మొదటి అయిదింటిలో ఉండవలసిన కథ. ఒక స్త్రీ ఏమీ గుర్తులేని స్థితిలో మేలుకుంటుంది. ఎవరో ఆమెను వేటాడుతుంటారు, చుట్టూ జనం ఫోన్లు ఎత్తి చిత్రీకరిస్తుంటారు, ఒక్కరూ చేయి అందించరు. ఎందుకో చివర్లో తెలుస్తుంది, తెలిశాక మన జాలి ఎటు నిలబడాలో తెలియక తడబడుతుంది. ఇందులో పాత్ర ఎంచుకోవడానికి ఏమీ లేదని, అంతా ఆమె మీద జరిగేదే కాబట్టి స్థానం తగ్గించానని రచయిత్రి వాదం. కానీ ఆ కథలో ఎంచుకుంటున్నది ఆమె కాదమ్మా, టికెట్టు కొనుక్కుని పిల్లలతో సహా వచ్చిన ఆ జనం. రోడ్డు మీద మనిషి నెత్తురోడుతుంటే ముందు ఫోను తీసే చేయి మన మధ్యే ఉంది. నీ కొలతతోనే చూడు, ఆ కథ ఇంకా పైకి వస్తుంది.

‘శాన్ జునిపెరో’ నాలుగోదిగా ఉంది. 2017లో రెండు ఎమ్మీలు తెచ్చుకున్న కథ. ఈ సిరీస్‌లో మనసుకు ఊరట ఇచ్చే కథ అని అందరూ మెచ్చుకుంటారు. ముసలితనంలో, మరణం అంచున ఉన్న కెల్లీ, యార్కీ అనే ఇద్దరు స్త్రీలు యవ్వనపు శరీరాలతో ఒక కల్పిత సముద్రతీర పట్టణంలో కలుసుకుంటారు. చనిపోయాక అక్కడే శాశ్వతంగా ఉండిపోవచ్చు. కెల్లీ ఒప్పుకోదు. నలభై తొమ్మిదేళ్లు తనతో కాపురం చేసిన భర్త ఆ అవకాశం వద్దనుకుని వెళ్లిపోయాడు, ఎందుకంటే వాళ్ల కూతురు ఆ ఏర్పాటు రాకముందే పోయింది. ఆ మాటలు కెల్లీ కోపంతో చెప్పే ఘట్టంలో గుగు ఎంబాథా-రా నటన నన్ను చాలాసేపు కదలనివ్వలేదు. రచయిత్రి ఇక్కడ యార్కీ వైపు నుంచి రాసింది, యవ్వనంలోనే మంచాన పడి జీవితం చేజారిన మనిషికి దొరికిన వెలుగు గురించి రాసింది. అది న్యాయమే. కానీ నా వయసువాడు కెల్లీ వైపు నుంచి చూస్తాడు. తోడు పోయిన చోటికి తాను పోకుండా వేరేచోట సుఖంగా ఉండడం ద్రోహమా, బతుకు మీద గౌరవమా? కథ ఒక జవాబు ఎంచుకుంది. నాకు ఇంకా జవాబు దొరకలేదు. దొరకని ప్రశ్న ఇచ్చిన కథను నేనైతే రెండో స్థానానికి తీసుకువెళ్లి, ‘బీ రైట్ బ్యాక్’ పక్కనే కూర్చోబెడతాను. రెంటికీ దర్శకుడు ఒక్కడే కావడం యాదృచ్ఛికం అనిపించదు.

పట్టీ చివర ‘మేజీ డే’ ఉంది. దాని మీద వాదించేవాళ్లు తక్కువే ఉంటారు. నేను గమనించిందల్లా రచయిత్రి భాష. నచ్చని కథ గురించి రాసేటప్పుడు కూడా ఈమె ఎవరినీ కించపరచలేదు. సెలబ్రిటీల వెంటపడే కెమెరావాళ్ల పాపం గురించి మంచి కథ మొదలై, మధ్యలో వేరే జాతి కథలోకి దూకిందని చెప్పి, ఎక్కడ దూకిందో వేలు పెట్టి చూపించి ఊరుకుంది. కొరడా పట్టుకున్న విమర్శకులను నేను చాలామందిని చూశాను. వాళ్లు రాసిందేదీ ఇవాళ ఎవరూ చదవడం లేదు.

తెలుగు గురించి కూడా చెప్పాలి. ఇంగ్లీషులో చూసి, ఇంగ్లీషులో చదివి, తెలుగులో రాయబోయేవాళ్ల వాక్యాలు తరచుగా కాళ్లు కట్టేసినట్టు నడుస్తాయి. ఈమె వాక్యానికి ఆ బాధ లేదు. సిరీస్ ఒక్కటి కూడా చూడని మా ఇంటావిడ ‘హేటెడ్ ఇన్ ద నేషన్’ అధ్యాయం చదివి, ఆ యాంత్రిక తేనెటీగల కథ చివరకు ఏమైందని నన్ను అడిగింది. విమర్శ పుస్తకానికి ఇంతకు మించిన యోగ్యతాపత్రం నేను ఇవ్వలేను.

చిరంజీవికి నా ఆశీస్సులు. ఇదే తూనికరాయితో మన తెలుగు కథల దగ్గరికి కూడా రావాలని నా కోరిక.

పాఠకులకు ఒక మనవి. కొత్తగా చూడబోయేవారు ఈ సిరీస్‌ను మొదటి కథతో మొదలుపెట్టవద్దు. ‘ది నేషనల్ ఆంథమ్’ చూసి అక్కడితో విరమించుకున్నవాళ్లు నాకు తెలుసు. ఇంట్లో పిల్లలు పడుకున్నాక ‘బీ రైట్ బ్యాక్’తో మొదలుపెట్టండి. తర్వాత ‘కామన్ పీపుల్’, ఆ తర్వాత ‘శాన్ జునిపెరో’ చూడండి. మీ వరుస మీరు ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాకే ఈ పుస్తకంలో రెండో అధ్యాయం తెరవండి.